చైనా వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లోనే ముగించుకోవాల్సిన పని

శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు ఆవకాయ సీసాకు నాలుగు కవర్లు చుడతారు గానీ, ఫోన్ సంగతి మాత్రం దిగాక చూసుకుందాం అనుకుంటారు. దిగాక చూసుకోవడానికి ఏమీ మిగలదు. అక్కడి ప్రభుత్వం అడ్డుకుంటుంది కాబట్టి గూగుల్, యూట్యూబ్, వాట్సాప్ తెరుచుకోవు. తెరిపించే యాప్ దింపుకుందామన్నా ప్లేస్టోర్ కూడా గూగుల్‌దే. అక్కడ అందరూ వాడే చాట్ యాప్ వీచాట్‌ను మన దేశం 2020 జూన్‌లో నిషేధించింది కాబట్టి, ఇంట్లోవాళ్లతో అదీ కుదరదు.

నేను మామూలు వీపీఎన్ ఒకటి, అంటే మన డేటాను వేరే దేశంలోని సర్వర్ మీదుగా పంపి ఆపేసిన సైట్లను తెరిపించే యాప్, కొనుక్కుని ధీమాగా వెళ్లాను. వారం రోజులు బాగానే నడిచింది. ఆదివారం అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా, కూకట్‌పల్లి ఇంట్లో ఆమె వెనక గోడకున్న క్యాలెండర్‌తో సహా బొమ్మ బిగుసుకుపోయింది. తర్వాత ఎన్నిసార్లు నొక్కినా చక్రం తిరగడమే.

వీపీఎన్ మాటలకు తాళం వేస్తుంది, అంతే. తాళం ఏ రకమో బయటికి కనిపిస్తూనే ఉంటుంది. చాలా వీపీఎన్‌లు వాడే వైర్‌గార్డ్ అనే పద్ధతిలో వెళ్లే మొదటి ప్యాకెట్ (డేటా ముక్క) ఎప్పుడూ 148 బైట్లే ఉంటుంది. లోపలిది చదవకుండానే పోల్చుకుని ఆపేయొచ్చు. పోనీ ఏ పోలికా లేకుండా అంతా గజిబిజిగా పంపితే? షాడోసాక్స్ అనే మరో సాధనం చేసేది అదే. 2021 నవంబర్‌లో చైనా దాన్నీ అక్కడికక్కడే పట్టి ఆపడం మొదలుపెట్టింది. మామూలు వెబ్ ట్రాఫిక్‌కు ఉండే గుర్తులేవీ లేకపోవడమే అనుమానానికి కారణమైంది.

అందుకే ఇప్పుడు దాక్కోవడం కాదు, మారువేషం. ట్రోజన్ (ఆ పేరున్న వైరస్ కాదు, ఇదో సాధనం) లాంటివి మామూలు హెచ్‌టీటీపీఎస్ సైటు, అంటే బ్రౌజర్‌లో రోజూ తెరిచే తాళం వేసిన సైటు, చూస్తున్నట్టు కనిపిస్తాయి. మన డేటాను చాలా కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపే టార్ బ్రౌజర్‌లో స్నోఫ్లేక్ అనే ఏర్పాటు వీడియో కాల్ వేషం వేస్తుంది. బరాత్‌లో కలిసి చిందేసేవాణ్ణి ‘ఎవరివయ్యా నువ్వు’ అని ఎవరూ ఆపరు కదా! కాకపోతే టార్ నెమ్మది. వార్తలకు, మెయిల్‌కు సరే, వీడియో కాల్‌కు ఆశపడొద్దు.

ఇలాంటివి రెండు మూడు ఇక్కడే ఎక్కించుకుని, ఒకసారి నడిపి చూసుకోండి. అనుమతి లేని వీపీఎన్ వాడితే అక్కడ 15 వేల యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు. అది తెలిసే నిర్ణయించుకోండి.

వీటన్నిటికన్నా తేలిక దారి మన సిమ్‌తో రోమింగ్. ఆ డేటా మన ఆపరేటర్ మీదుగా వెళ్తుంది కాబట్టి వాట్సాప్ పనిచేస్తుంది, బ్యాంకు ఓటీపీలూ వస్తాయి. ఖర్చే కాస్త ఎక్కువ. ఆ ఆదివారం నా దగ్గర అదీ లేదు. ఐఎస్‌డీ కాల్ చేస్తే, ‘నా ఫోనే పాడైందనుకున్నాన్రా, పక్కింటి అబ్బాయికి ఇచ్చి పంపాను’ అంది అమ్మ.