బర్త్ సర్టిఫికెట్ పోయింది, కొత్తది రావడం లేదు: చిక్కు ఎక్కడుంది?

చెదలు తిన్నా, ఇల్లు మారేటప్పుడు పోయినా, పాత లామినేషన్‌తో పాటు అక్షరాలు ఊడివచ్చినా కంగారు పడకండి. మీ దగ్గరున్నది నకలే. అసలు నమోదు రిజిస్టర్‌లో ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి రిజిస్టర్ వెతికించి నకలు తీసుకోవచ్చు. ముందు పోలీసు ఫిర్యాదు ఇవ్వాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

"మా దగ్గర లేదు" అంటున్నారు

చాలాసార్లు కారణం ఒకటే, వెళ్లిన చోటు తప్పు. నమోదు జరిగేది పుట్టిన ఊళ్లో, పెరిగిన ఊళ్లో కాదు. తొలి కాన్పుకు అమ్మ పుట్టింటికి వెళ్లి ఉంటే, నాన్నగారి ఊరి పంచాయతీలో ఎంత వెతికినా దొరకదు. కాన్పు ఏ ఆసుపత్రిలో జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఆ పరిధిలోని మున్సిపాలిటీకో పంచాయతీకో దరఖాస్తు చేయండి. మీసేవ ద్వారా అడిగినా పుట్టిన చోటి వివరాలే ఇవ్వాలి.

ఊరు సరైనదే, పేరు కొడితే రావడం లేదు

అసలు తలనొప్పి ఇక్కడే. నమోదుకు గడువు 21 రోజులు; మనలో చాలామంది బారసాల చేసేదీ ఇరవై ఒకటో రోజునే. అంటే ఆసుపత్రి వివరాలు పంపేనాటికి బిడ్డకు పేరే ఉండదు. రిజిస్టర్‌లో పేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా "బేబీ ఆఫ్" అని అమ్మ పేరు ఉంటుంది. కాబట్టి మీ పేరు వదిలేసి తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆడ-మగ వివరంతో వెతికించండి. అమ్మకు పుట్టింటి ఇంటిపేరు రాసి ఉండవచ్చు, అదీ చూడమనండి.

తేదీనీ అనుమానించాలి. బడిలో చేర్చడానికి వయసు సరిపెట్టి జూన్ నెలలో పుట్టినట్టు రాయించిన ఇళ్లు కోకొల్లలు. రిజిస్టర్‌లో ఉండేది అసలు తేదీ. జాతకం ఉంటే తీసి చూడండి.

పాత నమోదులు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు. తెరమీద కనిపించకపోతే చేతిరాత రిజిస్టర్ చూడమని, ముందు వెనక సంవత్సరాలు కూడా కలిపి, రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా "లేదు" అన్నదాన్ని నమ్మి వెనక్కి రావద్దు.

దొరికింది, పేరు గడి ఖాళీ

14వ సెక్షన్ కింద పేరు చేర్పించవచ్చు. ఏడాది దాటితే ఆలస్య రుసుము ఉంటుంది.

నిజంగానే నమోదు కాలేదు

ముందు అలభ్యత ధ్రువపత్రం, అంటే రిజిస్టర్‌లో మీ నమోదు లేదని రాసిచ్చే కాగితం, తీసుకోండి. పుట్టి ఏడాది దాటిన కేసులో ఆలస్య నమోదుకు మేజిస్ట్రేట్ ఉత్తర్వు తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఈ అధికారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ది. ఆసుపత్రి కాగితాలు, పదో తరగతి మెమో జతచేయండి.

అమెరికా గ్రీన్‌కార్డు కోసమైతే ఇలా ఆలస్యంగా నమోదైన పత్రం ఒక్కటే చాలకపోవచ్చు. మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు కూడా సిద్ధంగా ఉంచుకోండి.