పాత కాంక్రీటు కలిపిన నల్లరేగడికి ల్యాబ్ రిపోర్ట్: దరఖాస్తు ఎలా పెట్టాలి?

మొన్న శంకర్‌పల్లి వైపు నుంచి ఒక పెద్దాయన పది పేజీల సాయిల్ రిపోర్ట్ పట్టుకొచ్చారు. అది పక్క లేఅవుట్‌ది, సర్వే నంబరు మాత్రం మార్చారు. మధ్యవర్తికి డబ్బులిచ్చి తెచ్చుకున్న ఆ కాగితాన్ని ఇంజినీరు చూడగానే తిప్పి పంపేశారు. నాకు చాలా బాధేసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రంలో ఒకే ప్రాంగణంలో నల్లరేగడీ ఎర్రనేలా రెండూ ఉన్నాయి, అలాంటప్పుడు పక్కవాళ్ల రిపోర్ట్ మన నేలకు ఎలా సరిపోతుంది?

కాలనీ రోడ్డు కిందో పార్కింగ్ కిందో కూల్చిన ఇళ్ల కాంక్రీటు కలిపి, జియోగ్రిడ్ (నేలకు బలానికి పరిచే గట్టి వల) పరిచి నల్లమట్టిని గట్టిపరచాలనుకుంటే ముందు ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగానికి ఒక లెటర్ పెట్టండి. అందులో పని పేరు, సర్వే నంబరు, ఫోన్ నంబరుతో పాటు ఏ పరీక్షలు కావాలో రాయండి. ఫీజు కాలేజీ ఖాతాకే కట్టండి, రసీదు మీ పేరు మీదే తీసుకోండి. మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

చాలామంది దెబ్బతినేది ఆ లెటర్‌లోనే. ‘మట్టి పరీక్ష’ అని రాస్తే వాళ్లు ఒట్టి మట్టినే పరీక్షిస్తారు, మీకు కావాల్సింది మిశ్రమం రిపోర్ట్. అందుకే మట్టి విడిగా, రీసైకిల్ సరుకు (కూల్చిన ఇళ్ల కాంక్రీటు) విడిగా, ఏ పాళ్లలో కలపాలనుకుంటున్నారో ఆ మిశ్రమాలు విడిగా పరీక్షించమని స్పష్టంగా రాయండి. మట్టికి ఫ్రీ స్వెల్ పరీక్ష, అంటే తడిస్తే ఎంత ఉబ్బుతుందో చూసేది (భారత ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగం) అడగండి: 10 గ్రాముల చొప్పున మట్టిని ఒక నీళ్ల గొట్టంలో, ఒక కిరోసిన్ గొట్టంలో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో 10 మి.లీ. దగ్గర ఆగిన మట్టి నీళ్లలో 18కి పొంగితే ఉబ్బు 80 శాతం అన్నమాట. మిశ్రమానికి నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి చేసే సీబీఆర్ (రోడ్డు కింది నేల బరువును ఎంత ఆపుతుందో చూసే పరీక్ష) అడగండి, ఎందుకంటే పొడిగా ఉన్నప్పుడు నల్లరేగడి రాయిలాగే ఉంటుంది, దాని అసలు సంగతి వానల్లోనే తెలుస్తుంది.

రీసైకిల్ సరుకుకు సల్ఫేట్, పీహెచ్ (క్షారం ఎంత ఉందో చూపే అంకె) పరీక్షలు మాత్రం అస్సలు వదలకండి. ఫాల్స్ సీలింగ్ పీఓపీ ముక్కలు కలిసిన సరుకులో సల్ఫేట్ ఉంటుంది, దానికి సున్నమో సిమెంటో తోడైతే బంకమట్టిలో ఉబ్బే స్ఫటికాలు ఏర్పడి వేసిన రోడ్డే పైకి లేస్తుంది. పాత కాంక్రీటులోని క్షారం పాలిస్టర్ జియోగ్రిడ్‌ను బలహీనపరుస్తుంది, పీహెచ్ ఎక్కువ వస్తే ఏ గ్రిడ్ వాడాలో ఇంజినీరును అడగండి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలో కూల్చిన ఇళ్ల వ్యర్థాలను రీసైకిల్ చేసే ప్లాంట్లు ఉన్నాయి, శాంపిల్ ఎక్కడి నుంచి తెచ్చారో పని మొదలయ్యాక సరుకూ అక్కడి నుంచే తేవాలి. లేకపోతే ఆ రిపోర్ట్‌కు అర్థమే లేదు.

ఎంత మట్టి కావాలో ల్యాబ్‌లో ముందే అడిగి, పై పొర తీసేసి లోపలి మట్టి తీసుకుని, సంచి మీద ఆ మట్టి తవ్విన గొయ్యి నంబరు, లోతు రాయండి. మొదటిసారి తిప్పి పంపినా కంగారు పడకండి, చాలావరకు లెటర్ సరిగా లేకే అలా జరుగుతుంది, మళ్లీ రాస్తే తీసుకుంటారు. రిపోర్ట్ చేతికొచ్చాక శాంపిల్ వివరం దగ్గర ‘సాయిల్’ అని మాత్రమే ఉందా, మిశ్రమం పాళ్లు కూడా ఉన్నాయా అన్నది కౌంటర్ దాటకముందే చూసుకుని, లేకపోతే అక్కడే సరిచేయించుకోండి.