శ్రావణ ముహూర్తాలకు ముందు మైక్రోకరెంటు ఫేషియల్: ‘ఏమీ తెలియడం లేదు’ అనకండి, నాబు పెంచనివ్వకండి

గత మంగళవారం సాయంత్రం, బెంగళూరు బెళ్లందూరులో ఉద్యోగం చేసే ఒక ఒంగోలు అమ్మాయి మారతహళ్లిలోని మా పార్లర్‌కు ముఖానికి చున్నీ చుట్టుకొని వచ్చింది. చున్నీ తీసి చూస్తే కుడి దవడ అంచున, చెవి తమ్మెకు రెండు వేళ్ల దిగువన, బఠాణీ గింజంత పుండు ఒకటి, దాని పక్కనే మరొక చిన్నది ఉన్నాయి. చుట్టూ ఎరుపు, మధ్యలో బూడిద రంగు. శ్రావణంలో పెళ్లి కాబట్టి, ఇంటికి వచ్చి చేసే ఒక బ్యూటీషియన్ దగ్గర మైక్రోకరెంటు సిట్టింగులకు ముందే డబ్బు కట్టింది. ముఖానికి జెల్ పూసి, ప్రోబులనే లోహపు కొనలతో చర్మంలోకి అతి చిన్న కరెంటు పంపి ముఖాన్ని బిగువుగా చేస్తామనే ఫేషియల్ ఇది. ఈ పుండ్లు పడింది రెండో సిట్టింగులో. ప్రోబులు ముఖం మీద కదులుతుంటే ‘ఏమీ తెలియడం లేదక్కా’ అని ఈ అమ్మాయి అన్నదట. ‘ఉండమ్మా, కొంచెం పెంచుతాను’ అంటూ ఆ బ్యూటీషియన్ కరెంటును పెంచే నాబు మీద చెయ్యి వేసిందట. పదహారేళ్లుగా ఈ వృత్తిలో ఉండి నేను చూసిన కాలిన ముఖాలలో ఎక్కువ భాగం ఈ రెండు మాటల మధ్యనే కాలాయి.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కనుక బెంగళూరులోని మన తెలుగు పెళ్లికూతుళ్లందరూ, ఈ మధ్య పెళ్లికొడుకులు, వాళ్ల తల్లులు కూడా, ఈ నెలలోనే చర్మం సంగతి చూసుకొంటారు. పార్లర్లు కూడా ప్యాకేజీలను ఈ నెలలోనే అమ్ముతాయి. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను. మేకప్ కడుక్కొని రావడం, కమ్మలు, గొలుసులు తీసివేయడం వంటివి ఎవరైనా చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ముందుగా ఈ కరెంటు ఎంతో తెలియాలి. ఒక ఆంపియరులో వెయ్యో వంతు మిల్లీ ఆంపియరు, అందులో మళ్లీ వెయ్యో వంతు మైక్రో ఆంపియరు. ముఖానికి వాడే మైక్రోకరెంటు యంత్రాలు వెయ్యి మైక్రో ఆంపియర్లకు లోపలే, అంటే ఒక మిల్లీ ఆంపియరు కూడా దాటకుండా పనిచేస్తాయి. ఆ స్థాయిలో, జెల్ నిండుగా ఉండి ప్రోబు సరిగా ఆనుకొని ఉన్నంతసేపు, చాలామందికి ఏమీ తెలియదు. కండరం ఎగరదు, చర్మం చిటపటలాడదు, వేడి ఎక్కదు. తెలియకపోవడం యంత్రం పనిచేయకపోవడానికి గుర్తు కాదు, అది సరిగ్గా పనిచేస్తున్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. అయితే డబ్బు కట్టినందుకు ఏదో ఒకటి జరుగుతున్నట్టు ఒంటికి తెలియాలని మనకు ఉంటుంది. సూది వేస్తేగాని డాక్టరు చూసినట్టు కాదనే మన ఊళ్ల అలవాటు పార్లర్ కుర్చీలోకి కూడా వచ్చి కూర్చున్నది.

ఎక్కువ పెడితే ఎక్కువ ఫలితం వస్తుందన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు. ఈ యంత్రాలు అమ్మేవారు కణాలలో శక్తి ఐదు రెట్లు పెరుగుతుందని గొప్పగా చెప్పుకొనే మాట 1982లో వెలువడిన ఒక ప్రయోగం నుంచి వచ్చింది. ఆ ప్రయోగం చేసింది మనిషి ముఖం మీద కాదు, ఎలుక చర్మపు ముక్కల మీద. అందులో కూడా కణశక్తికి మూలమైన ఏటీపీ పెరిగింది వెయ్యి మైక్రో ఆంపియర్ల లోపలే, ఐదు వేల దగ్గర అది తగ్గిపోయింది. అమ్మేవారు తమకు అండగా చూపే ప్రయోగమే నాబు పెంచవద్దని చెబుతున్నది. మనుషుల ముఖాల మీద ఇది చూపే మార్పు తాత్కాలికమని, పెద్ద పరిశోధనలు తక్కువని నిజాయితీగా చెప్పే పార్లర్ దొరికితే ఆ పార్లర్‌నే పట్టుకోండి.

ఈ సిట్టింగులలో ముఖం రెండు విధాలుగా పాడవుతుంది.

మొదటిది మోడ్ మారడం. ఇళ్లకు తెచ్చే చవక యంత్రాలలో ఒకే పెట్టెలో మైక్రోకరెంటు, గాల్వానిక్, ఈఎంఎస్, రేడియో ఫ్రీక్వెన్సీ అన్నీ ఉంటాయి, చాలాసార్లు ప్రోబు కూడా ఒక్కటే ఉంటుంది. ఏమీ తెలియడం లేదనగానే చేసేవారు మోడ్ మీట నొక్కుతారు. ఈఎంఎస్ మిల్లీ ఆంపియర్లలో కండరాన్ని ఎగరేస్తుంది, రేడియో ఫ్రీక్వెన్సీ వేడి పుట్టిస్తుంది. అన్నింటికంటే మోసకారి గాల్వానిక్. అది ఒకే దిశలో ప్రవహించే కరెంటు కాబట్టి, ఒకేచోట ఎక్కువసేపు నిలిపితే రుణ ధ్రువం కింద క్షారం, ధన ధ్రువం కింద ఆమ్లం తయారవుతాయి. ముఖం కాలేది వేడితో కాదు, ఆ రసాయనాలతో. క్షారం వల్ల అయ్యే గాయం మొదట్లో పెద్దగా నొప్పి పెట్టకపోవచ్చు, అందుకే ఆ పూటకు ఎవరూ గమనించరు. మన ఒంగోలు అమ్మాయి కూడా మరుసటి రోజు పొద్దున అద్దంలో చూసుకొన్న తరువాతే గుర్తించింది.

రెండవది జెల్ ఆరిపోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యమున్న ప్రోబు కొన అర మిల్లీ ఆంపియరు పంపుతున్నదనుకొందాం. చర్మం మీద మందు పూసి ఒకే దిశ కరెంటుతో లోపలికి పంపే చికిత్సలో చదరపు సెంటీమీటరుకు అర మిల్లీ ఆంపియరును సాధారణంగా గరిష్ఠ హద్దుగా పాటిస్తారు. జెల్ ఆరి, కొనలో నాలుగో వంతు మాత్రమే తడిగా ఆనుకొని ఉంటే, అదే కరెంటు ఆ చిన్న చోటునుంచే దూరుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీ ఆంపియర్ల సాంద్రత. పైగా నిలకడ కరెంటు ఇచ్చేలా తయారైన యంత్రం, చర్మం పొడిబారి అడ్డు చెప్పేకొద్దీ వోల్టేజీ పెంచి మరీ ఆ కరెంటును నెడుతుంది. నాబు ముట్టుకోకుండానే ఇంత జరుగుతుంటే, ముట్టుకొంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఫ్యాను కింద కూర్చోబెట్టి చేసే ఇంటి సిట్టింగులలో జెల్ చాలా త్వరగా ఆరుతుంది. చేసేవారు రెండు మూడు నిమిషాలకు ఒకసారి నీళ్లు చిలకరించాలి, లేదా మళ్లీ జెల్ పూయాలి. నూనె కలిసిన సీరమ్‌ను జెల్ బదులు వాడనివ్వకండి, నూనె కరెంటును సాగనివ్వదు. సీరమ్ ఎంత ఖరీదైనదైనా ఈ నియమం మారదు.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఏమీ తెలియడం లేదని అనకండి. ఎవరైనా పెంచుతానంటే వద్దని చెప్పండి.

ఇక అసలు కుర్చీ ఎక్కకూడనివారు. పేస్‌మేకర్ గాని, గుండె లయ తప్పితే సరిచేయడానికి అమర్చే డీఫిబ్రిలేటర్ గాని ఉన్నవారికి ఈ సిట్టింగు వద్దు. కరెంటు చిన్నదే కదా అని వాదించేవారు ఉంటారు, కానీ ఆ పరికరం గుండె ఇచ్చే అతి చిన్న విద్యుత్ సంకేతాలను వినడానికే ఉంది, బయటి సంకేతాన్ని గుండె సంకేతంగా పొరబడితే జరిగే నష్టం చిన్నది కాదు. బెంగళూరులోని జయదేవ గుండె ఆసుపత్రిలో పేస్‌మేకర్ పెట్టించుకొన్న అనంతపురం, చిత్తూరు జిల్లాల పెద్దలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. కూతురి పెళ్లికని అమ్మ కూడా పక్క కుర్చీలో కూర్చొంటుంది, రవిక చాటున ఉన్న పేస్‌మేకర్ సంగతి ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. ఇన్సులిన్ పంపు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, నరాలకు అమర్చిన పరికరం ఉన్నవారికీ ఇదే మాట. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు, ప్రమాదం తరువాత దవడలోనో చెంప ఎముకలోనో లోహపు ప్లేటు వేయించుకొన్నవారు తమకు చికిత్స చేసిన డాక్టరు ఒప్పుకోనిదే కూర్చోకూడదు.

ముఖం మీద ఇటీవల జరిగినవాటిని దాచవద్దు. బొటాక్స్ వేయించుకొని రెండు వారాలు కాలేదంటే ఆగండి. చర్మం కింద నింపే ఫిల్లర్, దారాలతో చర్మాన్ని పైకి లాగే థ్రెడ్ లిఫ్ట్ అయితే వేసిన డాక్టరునే అడగండి. రెటినాల్ వాడి పొట్టు లేస్తున్న చర్మం, పీల్ లేదా లేజర్ చేయించుకొన్న చర్మం, చీము పట్టిన మొటిమలున్న చర్మం మామూలు చర్మం కాదు. ఐబ్రోస్, అప్పర్ లిప్ థ్రెడింగ్ చేయించిన రోజే, వ్యాక్స్ చేసిన రోజే, బ్లీచ్ వేసిన రోజే ఈ సిట్టింగు చేయనివ్వకండి. దారం లాగిన చోట కంటికి కనిపించని గీతలు పడతాయి, కరెంటుకు ఆ గీతలే తేలిక దారులు. అన్నీ ఒకే పూటలో ముగించే ‘బ్రైడల్ కాంబో’లు వాటిని అమ్మేవారికి సౌకర్యం, మీ చర్మానికి కాదు.

సిట్టింగు జరుగుతున్నప్పుడు ఏది మామూలు, ఏది కాదు అనేది కూడా తెలిసి ఉండాలి. నోటిలో ఇనుప రుచి తగలడం, కంటి దగ్గర ప్రోబు వచ్చినప్పుడు మెరుపులా ఏదో కనిపించడం అప్పుడప్పుడు జరుగుతాయి. అలా జరిగితే చెప్పి ఆ చోటు నుంచి జరిపించుకోండి. సూదితో పొడిచినట్టు గాని, ఒకే బిందువు దగ్గర మంట గాని అనిపిస్తే అది మామూలు కాదు, జెల్ ఆరిందన్న కబురు. ఆ క్షణమే చెయ్యి ఎత్తి ఆపించండి. ‘అలవాటవుతుంది’ అన్నవారి మాట వినకండి.

ఇక మిగిలినవన్నీ వరుసగా చెబుతాను, చాలావాటికి కారణాలు చెప్పను.

కనురెప్పల మీద ప్రోబు పెట్టనివ్వకండి.

గొంతు ముడి మీద, థైరాయిడ్ ఉండే మెడ మధ్య భాగంలో పెట్టనివ్వకండి. మెడ పక్కన నాడి కొట్టుకొనే చోట అసలే పెట్టనివ్వకండి, అక్కడ నొక్కినా గుండె వేగం, రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే మనుషులు ఉన్నారు.

యంత్రం గోడ ప్లగ్గుకు తగిలించి ఉండగా ముఖానికి పెట్టనివ్వకండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఇంటి యంత్రాన్ని మీరు కూడా వాడకండి. గోడలో ఉన్నది 230 వోల్టులు, నకిలీ ఛార్జరులో దానికీ మీ చెంపకూ మధ్య ఉన్న రక్షణ ఎంతో ఎవరికీ తెలియదు.

వైరు తొడుగు చిట్లిన ప్రోబు, పూత లేచిన ప్రోబు కొన కనిపిస్తే లేచి వచ్చేయండి.

ఒకరికి వాడిన ప్రోబు శుభ్రం చేయకుండా మీ ముఖానికి రానివ్వకండి.

మోడ్ పేరు మీరే చదవండి. కుర్చీలో పడుకోకముందే చదవండి. మధ్యలో మోడ్ మారిస్తే ఎందుకు మార్చారో అడగండి.

ప్రోబు ఒకే చోట నిలవనివ్వకండి.

బరువుగా నొక్కడం కూడా పెంచడమే.

సమయం పొడిగించడం కూడా పెంచడమే. ఇరవై నిమిషాలు అనుకొన్నది నలభై చేస్తే మీకు లాభం కలిగించినట్టు కాదు.

పెళ్లికి రెండు వారాల లోపు మొదటిసారి ప్రయత్నించకండి. మొదటి సిట్టింగులో దవడ అంచున చిన్న చోట మాత్రమే చేయించి, రెండు రోజులు ఆగి చూడండి.

అత్తగారు బహుమతిగా తెప్పించారని, తిరిగి ఇస్తే బాగుండదని ఇంటి యంత్రాన్ని వాడకండి.

చెల్లెలి మీద ప్రయోగాలు చేయకండి.

కాలినట్టు అనుమానం వస్తే జెల్‌ను కడిగి, ఇరవై నిమిషాల పాటు కుళాయి నీళ్లు ధారగా పోయండి. మంచు ముక్క పెట్టకండి. టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి పెట్టకండి. పొక్కు చిదపకండి. పెచ్చు గిల్లకండి. మన గోధుమ వన్నె చర్మం మీద కాలిన చోట పుండు వారాలలో మానినా నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. బెంగళూరు మబ్బును చూసి సన్‌స్క్రీన్ మానేయకండి, అయితే పచ్చి పుండు మీద పూయకండి. మరుసటి రోజుకు వాయిదా వేయకుండా చర్మవైద్యులకు చూపించండి. ఏ యంత్రం, ఏ మోడ్, ఎంత సేపు అన్నది కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, ఫొటో తీసి ఉంచుకోండి. కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా పార్లర్‌లో సోఫా మీద పడుకోబెట్టి మజ్జిగ ఇవ్వడం కాదు, 108కి ఫోన్ చేయండి.

చేసేవారికి కూడా ఒక మాట. మీ ఎదురుగా కూర్చొన్న అమ్మాయి ఏమీ తెలియడం లేదంటే ‘తెలియకూడదమ్మా’ అని చెప్పండి. డబ్బులు వెనక్కి అడుగుతుందన్న భయంతో నాబు మీద చెయ్యి వేయకండి.