మసకబారిన ట్వీటర్: తప్పు కెపాసిటర్‌ది

పాత స్పీకర్లలో తాళాలు, గజ్జెల శబ్దం మందగిస్తే ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) పోయిందనుకుని మార్చేస్తుంటారు. దయచేసి ముందు క్రాసోవర్ (పై స్వరాలను, కింది స్వరాలను విడదీసి పంపే లోపలి బోర్డు) చూడండి. 1980ల నాటి నా జోడీలో 8 ఓమ్‌ల ట్వీటర్ కాయిల్ మీటర్‌లో 6 ఓమ్‌ల దగ్గర చూపించింది; మీటర్‌లో కాస్త తక్కువే చూపిస్తుంది, అంటే నిక్షేపంగా ఉంది. చెడింది దాని ముందున్న 4.7 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని ద్రవం ఎండి, లోపలి నిరోధం పెరుగుతుంది. పై స్వరాలు అక్కడే నీరసించిపోతాయి.

కెపాసిటర్‌ను కొలిచేటప్పుడు దాని ఒక కాలు (తీగ) బోర్డు నుంచి విప్పాలి, లేకపోతే రీడింగ్ నమ్మలేం.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో 100 వోల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు తెచ్చాను. షాపులో 4.7 లేదని 10 మైక్రోఫారడ్‌ది ఇస్తే తీసుకోకండి. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 పెడితే కోత (అంతకన్నా కింది స్వరాలు తగ్గడం మొదలయ్యే చోటు) సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 10 పెడితే 2,000కు దిగి, కింది స్వరాల భారం పాపం ఆ చిన్న కాయిల్ మీద పడుతుంది.

ఫిల్మ్‌ది సైజు పెద్దది. కేబుల్ టైతో గట్టిగా కట్టాను, బాస్‌కి అదరకూడదు కదా. నిరోధం తగ్గడం వల్ల శబ్దం కాస్త పదునెక్కింది, సిరీస్‌లో 0.47 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ వేస్తే సర్దుకుంది. రెండు డబ్బాలకూ ఒకేసారి మార్చాలి, లేకపోతే ఎడమా కుడీ పొసగవు.

క్రాసోవర్‌లోని తీగ చుట్టల జోలికి వెళ్లలేదు, రాగితీగ అంత తొందరగా చెడదు. వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) వైపు పెద్ద విలువకు ఫిల్మ్ ఖరీదెక్కువ, అక్కడ కొత్త నాన్‌పోలారే వేశాను.