షుగర్ ఉన్నవారికి మెగ్నీషియం, జింక్, క్రోమియం: ముందు కంచం, తర్వాతే బిళ్ళ

మందుల షాపులో 'షుగర్‌కి మంచిది' అని ఇచ్చే మినరల్ బిళ్ళల్లో మామూలుగా ఉండేవి మెగ్నీషియం, జింక్, క్రోమియం. మూడూ ఒంటికి కావలసినవే. కానీ ఇవి మెట్‌ఫార్మిన్‌లా షుగర్ దించే మందులు కావు. ఒంట్లో లోటు ఉంటే పూడుస్తాయి, అంతే. లోటు లేనివాళ్ళు నెలనెలా డబ్బా కొని మింగినా మీటర్లో అంకె పెద్దగా కదలదు. ఈ మూడింటిలో షుగర్ ఉన్నవాళ్ళు ముందు చూసుకోవలసింది మెగ్నీషియం.

లోటు ఎక్కడి నుంచి వస్తుంది

రక్తంలో గ్లూకోజ్ దాదాపు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది. దిగేటప్పుడు నీళ్ళను, వాటితో పాటు మెగ్నీషియాన్నీ లాక్కుపోతుంది. ఇన్సులిన్ కణానికి అంటుకున్నాక లోపల జరగాల్సిన పనికి మెగ్నీషియమే కావాలి. అది తగ్గేకొద్దీ ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగర్ పెరుగుతుంది, మూత్రంలో ఇంకాస్త మెగ్నీషియం పోతుంది. గానుగెద్దు తిరిగినట్టు ఇదే వరస.

దీనికి మందులూ తోడవుతాయి. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ మెగ్నీషియాన్ని మూత్రంలోకి నెడతాయి. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే పేగుల్లో అది ఒంటబట్టడం తగ్గుతుంది. షుగరు, బీపీ, గ్యాస్ మూడింటికీ బిళ్ళలు వేసుకునేవాళ్ళు మన ఇళ్ళలో తక్కువేం కాదు.

ఇక అన్నం సంగతి. బాగా పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో మెగ్నీషియం 20 మిల్లీగ్రాములకు మించదు. అదే దంపుడు బియ్యంలో దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది, మిగతాదంతా తవుడులో పోయింది. రోజుకు పావుకిలో బియ్యం వండుకు తినేవారికి దాని నుంచి వచ్చేది 50 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 195 గ్రాముల పిండిపదార్థం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన రోజువారీ లెక్క మగవారికి 440, ఆడవారికి 370 మిల్లీగ్రాములు.

ఒక రోజు కంచం, తూకంతో సహా

పొద్దున పొట్టు పెసలు 50 గ్రాములు నానబెట్టి రుబ్బి పెసరట్లు వేసుకుంటే 90 మిల్లీగ్రాములు వస్తుంది. లోపల ఉప్మా పెట్టకండి, అది మళ్ళీ రవ్వే. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యంతో వండిన అన్నం (ఉడికాక ఒక కప్పు), కందిపప్పు 30 గ్రాములు, తోటకూర 100 గ్రాములు వేసి వండిన పప్పు: మొత్తం మీద 100. సాయంత్రం వేయించిన పల్లీలు 25 గ్రాములు, ఒలిచిన గుమ్మడి గింజలు 15 గ్రాములు: 125. రాత్రి 80 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు, ఏదైనా కూర: 100 పైనే. బిళ్ళ ముట్టకుండానే 400 దాటింది.

కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నమో రొట్టో ఉండాలి. తినే వరసా ముఖ్యమే. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ అంత నిట్టనిలువుగా లేవదు. తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాల నడక కూడా తోడైతే తేడా మీటర్లోనే తెలుస్తుంది.

ఎక్కువమంది తడబడేది చిరుధాన్యాల దగ్గర. కొర్రలు మంచివని విని కొర్రన్నం కంచం నిండా పెట్టుకుంటారు. కొర్రలైనా 100 గ్రాముల్లో పిండిపదార్థం 60 గ్రాములకు పైనే ఉంటుంది కాబట్టి కొలత తప్పదు. రాగులూ అంతే. మెత్తటి పిండితో పల్చగా కాచిన జావ గొంతు దిగినంత తేలిగ్గా రక్తంలోకీ చేరుతుంది. అదే పిండి రొట్టె చేసుకుని కూరతో నమిలి తింటే నెమ్మదిగా అరుగుతుంది. జావే కావాలంటే మజ్జిగ కలిపి, చిన్న గ్లాసుతో ఆపండి. బెల్లం వద్దు.

వంటలో పోయేదీ ఉంది. ఆకుకూర ఉడికించి నీళ్ళు పిండేస్తే మెగ్నీషియంలో చెప్పుకోదగ్గ వాటా తూములో పోతుంది. పప్పుతో కలిపి ఉడికిస్తే ఆ బెడద లేదు. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్నవాళ్ళకు మాత్రం ఆ నీళ్ళు పారబోయడమే సరి. పెసలు, రాగులు నానబెట్టి మొలకెత్తిస్తే ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి, ఉన్నది ఒంటబడుతుంది.

ఒక హెచ్చరిక. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు ఒక్కసారిగా అన్నం సగానికి కోస్తే, మందు మోతాదు పాతదే ఉండడంతో షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. అన్నం తగ్గించే ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవడం మేలు.

బిళ్ళ కావలసి వస్తే

ముందు రక్తంలో మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించండి. మెగ్నీషియం మామూలుగా డెసిలీటరుకు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఒంట్లోని మొత్తంలో రక్తంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా కాదు. కాబట్టి అంకె తక్కువ వస్తే లోటు ఖాయం, బొటాబొటిగా వస్తే మాత్రం లేదని చెప్పలేం. పిక్కలు పట్టేయడం ఒక్కటే చూసి బిళ్ళ మొదలెట్టకండి, దానికి వేరే కారణాలు చాలా ఉంటాయి. క్రియాటినిన్ పెరిగి ఉంటే డాక్టరు చెప్పకుండా అసలు ముట్టొద్దు. దెబ్బతిన్న కిడ్నీ మెగ్నీషియాన్ని బయటికి పంపలేదు, అది పేరుకుంటే గుండె లయకే ముప్పు.

లేబుల్ దగ్గరే చాలామంది మోసపోతారు. 'మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా.' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అందులో అసలు మెగ్నీషియం 140 మాత్రమే. సిట్రేట్‌లో నూటికి 16, ఆక్సైడ్‌లో 60. అంకె చూస్తే ఆక్సైడే లాభమనిపిస్తుంది, కానీ అది సరిగా ఒంటబట్టక విరేచనాలు పట్టిస్తుంది. డబ్బా వెనక్కి తిప్పి 'ఎలిమెంటల్' అన్న మాట పక్కనున్న అంకె చూడండి, ఆ మాటే లేకపోతే కొనకండి. రోజుకు 100తో మొదలుపెట్టి, కడుపు ఓర్చుకుంటే 200, డాక్టరు చెబితే 300. బిళ్ళల రూపంలో 350 దాటకపోవడం మంచిది. రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే చాలామందికి కడుపులో ఇబ్బంది ఉండదు.

థైరాయిడ్ బిళ్ళకూ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కలిసి పడితే ఆ మందు పనే చెడుతుంది. ఆ కోర్సు అయ్యేదాకా మెగ్నీషియం ఆపేస్తే సరి.

మిగతావాటికి నాలుగు మాటలు చాలు. క్రోమియం వల్ల షుగర్ తగ్గుతుందన్న దానికి గట్టి ఆధారం లేదు, డబ్బు మిగుల్చుకోండి. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి నెలల తరబడి వాడితే రాగి లోటు వస్తుంది. సెలీనియం లోటు లేకుండా రోజుకు 200 మైక్రోగ్రాములు ఏళ్ళపాటు వాడిన ఒక పరిశోధనలో షుగర్ జబ్బు తగ్గకపోగా పెరిగింది. బీపీకని అమ్మే 'తక్కువ సోడియం ఉప్పు'లో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడక్కుండా దాన్ని వంటింట్లోకి తేవద్దు.

పనిచేస్తోందా లేదా

ఒకేసారి రెండు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు. ముందు రెండు వారాలు కంచం మార్చి, వారానికి మూడు రోజులు తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి మీటర్లో చూసి రాసుకోండి. తినే ముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు చాలామందికి పెట్టే గురి. వేలికి పండ్ల రసం అంటుకుని ఉంటే అంకె ఊరికే పెరుగుతుంది, సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే పొడవాలి. బిళ్ళ మొదలెడితే మూడు నెలలకు మెగ్నీషియం, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మళ్ళీ చేయించండి. రెండూ కదలకపోతే ఆపేయండి.

హెచ్‌బీఏ1సీ చేయించే రోజే హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) కూడా చూడమనండి. ఐరన్ లోటున్నవాళ్ళలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఐరన్ బిళ్ళలు వాడుతూ లోటు పూడేకొద్దీ దిగుతుంది. ఆ తగ్గుదలను పక్కనున్న 'షుగర్ మినరల్స్' డబ్బా ఖాతాలో వేసుకుని, దాన్ని ఏళ్ళ తరబడి కొంటూ పోయేవాళ్ళున్నారు.