సేనాధిపతుల సంతకం ఫొటో కొనే ముందు

యుద్ధకాలపు సేనాధిపతుల సంతకం ఉన్న ఫొటోలు ఆన్‌లైన్ వేలాల్లో తరచూ కనిపిస్తుంటాయి. వేలం ముగిసే నిమిషాల్లో టెన్షన్ పెరుగుతుంది, కళ్లేమో సంతకం మీదే ఉంటాయి. సంతకం సంగతి చివర్లో చూడొచ్చు. ముందు తేదీలు సరిచూడండి: ఫొటో ఎప్పుడు తీశారు, ఆ ప్రింటు ఎప్పుడు వేశారు, ఆ మనిషి ఎప్పుడు చనిపోయారు.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ సేనాని రొమ్మెల్ 1944 అక్టోబరులో, అమెరికా సేనాని ప్యాటన్ 1945 డిసెంబరులో చనిపోయారు. మనం వాడే మార్కర్లు, స్కెచ్ పెన్నులు ఆ తర్వాత వచ్చినవి. ఆ ఇద్దరి ఫొటో మీద అలాంటి సంతకం ఉంటే ఇక ధర అడగడం కూడా దండగ. అదే మార్కరు సంతకం 1971 యుద్ధంలో మన సైన్యాధిపతిగా ఉన్న మానెక్‌షా ఫొటో మీద ఉంటే అనుమానించక్కర్లేదు, ఆయన 2008 వరకూ ఉన్నారు.

కాగితం కూడా నిజం చెబుతుంది. నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ టార్చిని చీకట్లో ఫొటో మీద వేసి, అది కనిపించేలా ఒక ఫొటో తీసి పంపమని అమ్మేవాళ్లను అడగండి. కాగితం నీలితెలుపుగా మెరిసిపోతుంటే, తెల్లదనం కోసం 1950ల నుంచి కలుపుతూ వచ్చిన రసాయనం అందులో ఉన్నట్టే. రొమ్మెల్ ఫొటో అలా మెరవకూడదు. 1976 దాకా బతికిన బ్రిటన్ సేనాని మాంట్‌గోమరీ ఫొటో మెరిసినా తప్పులేదు. అడిగిన ఫొటో పంపకుండా కబుర్లు చెబుతుంటే వదిలేయండి.

హోదా దగ్గర చాలామంది దొరికిపోతారు. మాంట్‌గోమరీకి ‘ఆఫ్ అలమీన్’ బిరుదు వచ్చింది 1946లో. ఆ పేరుతో సంతకం చేసి 1942 తేదీ వేసి ఉంటే అబద్ధం. మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయింది 1973 జనవరిలో. ఇంకోటి, 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతుంటే పక్కన కూర్చున్నది మన సేనాని అరోరా. మానెక్‌షా అక్కడ లేరు. ఆ ఫొటో మీద ఆయన తర్వాత ఎప్పుడో సంతకం చేసి ఉండొచ్చు గానీ, ‘అక్కడికక్కడే పెట్టిచ్చారు’ అనే కథ నమ్మకండి.

ఇక సంతకం. భూతద్దంలో చిన్నచిన్న చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒత్తిడి, గీత మొదలైన చోటా ఆగిన చోటా సిరా చుక్క ఉంటే సంతకాన్ని అచ్చంగా గీసే ఆటోపెన్ యంత్రం పనేమో అనుమానించాలి. పెద్దవాళ్ల తరఫున సెక్రటరీలు పెట్టిన సంతకాలూ తక్కువేం కాదు.

సంతకం అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు. నా లెక్కలో దానికంటే ఫొటోతో పాటు వచ్చిన పాత ఉత్తరం, పోస్టు ముద్ర ఉన్న కవరు విలువైనవి. నకిలీ అని తేలితే డబ్బు వాపసిస్తామని రాతపూర్వకంగా తీసుకోండి.

కొన్నాక వానాకాలం గురించి ఆలోచించండి. ఫొటోను ఫ్రేము అద్దానికి ఆనించి బిగిస్తే తేమకు అతుక్కుపోతుంది, మధ్యలో మందపాటి అట్ట అంచు పెట్టించండి. లామినేషన్ అసలు వద్దు, జిగురు ఆల్బమూ వద్దు. బూజు కనిపించినా తడిగుడ్డతో తుడవకండి, సిరా సంతకం గుడ్డకే అంటుకుని వచ్చేస్తుంది. గోడకు తగిలించాలనుంటే ఒక కాపీ తీయించి తగిలించి, అసలుదాన్ని పాలియెస్టర్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలతో, చెమ్మ పట్టే గోడకు దూరంగా ఉన్న బీరువాలో పెట్టండి.