పాట పుట్టుక పట్టుకోవడం – 4వ పాఠం: క్లారినెట్ దగ్గర తప్పిపోయినవాళ్ల కోసం

పోయిన పాఠం చివర చిన్న పని ఒకటి ఇచ్చాను. అమెరికన్ గాయకుడు ఎరిక్ కార్మెన్ 1975లో చేసిన ‘ఆల్ బై మైసెల్ఫ్’ వినండి, తర్వాత రష్యన్ స్వరకర్త రఖ్మనినోవ్ రెండో పియానో కన్చెర్టో (పియానో ముందుండి, ఆర్కెస్ట్రాతో కలిసి సాగే పెద్ద రచన) వినండి, ఆ పాట ట్యూన్ ఇందులో ఎక్కడుందో నిమిషం, సెకనుతో సహా రాసి పంపండి అన్నాను. అది చిన్న పని అనుకున్నది నేనొక్కడినే అని జవాబులు చూశాక తెలిసింది. అందుకని ఈసారి చెప్పాల్సిన కొత్త పాఠం పక్కన పెట్టి, మొన్న పడిన చోటనే మళ్లీ లేద్దాం.

ముందు తప్పు నాది. కన్చెర్టో అంటే మూడు భాగాలుంటాయని, మనకు కావాల్సింది రెండోదని చెప్పలేదు. దాంతో చాలామంది మొదటి భాగం పెట్టారు. గంటలు మోగినట్టు బరువైన పియానో కార్డ్‌లు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం), ఆ తర్వాత తుఫాను. “ఇందులో ఏడుపు పాట ఎక్కడుంది సార్?” అని ఒకరు అడిగారు. లేదు, నిజమే. ఇంకొందరు మూడో భాగం దాకా వెళ్లి, అక్కడ ఒక తియ్యటి ట్యూన్ దొరికితే ఇదే అని రాసేశారు. అది వేరే పాటకు తల్లి. 1945లో ఫ్రాంక్ సినాట్రా పాడిన ‘ఫుల్ మూన్ అండ్ ఎంప్టీ ఆర్మ్స్’ అందులోంచి వచ్చింది. అంటే కార్మెన్ కంటే ముప్పై ఏళ్ల ముందే ఈ కన్చెర్టోలో బావి తవ్వుకున్నవాళ్లున్నారు. తప్పు జవాబే అయినా, అది రాసినవాళ్ల చెవి బాగానే పనిచేసింది.

రెండో భాగం సరిగ్గా పెట్టినవాళ్లు కూడా ఎందుకు తప్పిపోయారు? పియానోలో వెతికారు. పేరే పియానో కన్చెర్టో, పాటేమో పియానోతో మొదలవుతుంది, కాబట్టి ట్యూన్ పియానోదే అయ్యుంటుందని అనుకున్నారు. మళ్లీ వినండి. మొదట తీగ వాయిద్యాలు నెమ్మదిగా కొన్ని కార్డ్‌లు వేసి దారి చూపిస్తాయి. తర్వాత పియానో వస్తుంది, కానీ అది ట్యూన్ వాయించదు. విడివిడి స్వరాలను అలలా తిప్పుతూ కూర్చుంటుంది. దాని మీద ఫ్లూట్ కాస్త మొదలుపెట్టి వదిలేస్తుంది, క్లారినెట్ (సన్నాయిలా ఊదే వాయిద్యం) అందుకుని పొడుగ్గా పాడుతుంది. ఆ క్లారినెట్ పాడేదే కార్మెన్ చరణం. పియానో ఆ ట్యూన్ పట్టుకునేది తర్వాత. కాబట్టి రూలు ఒకటే: ఎవరు గట్టిగా వినిపిస్తున్నారని కాదు, ఎవరు పాడుతున్నారని వెతకాలి.

ఇక్కడ ‘చరణం’ అన్నాను, గమనించండి. మన సినిమా పాటలో పల్లవి ముందొస్తుంది. ఈ తరహా ఇంగ్లిష్ పాటల్లో ఎక్కువగా చరణం ముందు, పల్లవి తర్వాత. పవర్ బల్లాడ్ (మెల్లగా మొదలై ఉద్వేగంగా పెరిగే పాట) కట్టడం మొత్తం దాని మీదే నిలబడింది: చరణంలో పియానో, ఒక్క గొంతు, పల్లవి దగ్గర డ్రమ్స్, తీగలు, అరుపు. పాట మొదలవగానే వినపడిన దాన్ని పల్లవి అని రాసినవాళ్లందరి లెక్కా తలకిందులైంది.

ఎందుకంటే ఈ పాట పల్లవికి రఖ్మనినోవ్‌తో సంబంధం లేదు. అది కార్మెన్ సొంత సరుకు, అదీ పాతది. ఆయన అంతకుముందు రాస్ప్‌బెర్రీస్ అనే బ్యాండ్‌లో ఉండేవాడు. ఆ బ్యాండ్‌కు రాసిన ‘లెట్స్ ప్రిటెండ్’ అనే పాట ట్యూన్‌ను ఇక్కడ పల్లవికి వాడుకున్నాడు. చరణం ఒక రష్యన్ దగ్గర, పల్లవి తన దగ్గరే. “ఈ పాట ఎక్కడిది?” అని అడిగితే జవాబు రాదు. “చరణం ఎక్కడిది, పల్లవి ఎక్కడిది, మధ్యలో వాయిద్యం ఎక్కడిది?” అని ముక్కలు చేసి అడగాలి. మధ్యలో పొడుగ్గా పియానో వాయిద్యం ఉండేది ఆల్బమ్‌లోని ఏడు నిమిషాల పాటలో. రేడియో కోసం చేసిన సింగిల్‌లో అది కోసేశారు. పొట్టి పాట విని “పియానో సోలో ఎక్కడుంది?” అని రాసినవాళ్లకు ఇదే జవాబు. ఎప్పుడూ పొడుగు పాటే వినండి.

ఇక నా ఒళ్లు మండిన విషయానికొద్దాం. ఎంతోమంది ఒకటే మాట రాశారు: “రెండూ ఒకే రాగంలా ఉన్నాయి కాబట్టి కాపీ.”

ఈ వాక్యాన్ని ఇక నా ముందు అనకండి. సంగీతం క్లాసుకు నాలుగు నెలలు వెళ్లినా మీకు ‘వరవీణా మృదుపాణి’ గీతం వచ్చుంటుంది. ఇంకొన్నాళ్లు వెళ్తే ‘నిన్ను కోరి’ వర్ణం వచ్చుంటుంది. రెండూ మోహన రాగమే. రెండూ గాంధారం (గ) దగ్గరే మొదలవుతాయి. అయినా ఒకటి విని రెండోదని పొరబడిన పిల్లని నేనింతవరకూ చూడలేదు. ఎందుకు? గీతం గాంధారం నుంచి పంచమానికి (ప) ఎక్కుతుంది. వర్ణం గాంధారం నుంచి రిషభానికి (రి) దిగుతుంది. మెట్లు అవే, ఒకరు ఎక్కుతున్నారు, ఒకరు దిగుతున్నారు. రాగం ఒకటైతే కాపీ అనేట్టయితే మోహనంలో ఒక్క పాటతోనే ఆపేయాలి మనం. కార్డ్‌ల సంగతీ అంతే. నాలుగు కార్డ్‌లు కలిశాయని కాపీ అంటే గిటార్ నేర్చుకున్న ప్రతి కుర్రాడూ దొంగే. తాళం కలిసినా అంతే, స్పీడు కలిసినా అంతే, “ఫీల్ ఒకటే” అంటే అసలు మాట్లాడను.

మరి దేన్ని కొలవాలి? నేను చేసేది చెప్తాను. మాటలు తీసేసి ‘నా నా నా’ అని పాడతాను. ఒక్కో స్వరం ముందు దానికంటే పైకి వెళ్తే ‘పై’, కిందికొస్తే ‘కిం’, అక్కడే ఉంటే ‘అ’. ‘ట్వింకిల్ ట్వింకిల్’ చూడండి: సస పప దద ప, మమ గగ రిరి స. మొదటి స్వరం వదిలేస్తే: అ పై అ పై అ కిం, కిం అ కిం అ కిం అ కిం. ఇప్పుడు పిల్లలు పాడే ఏబీసీడీ పాట రాయండి. అవే గుర్తులొస్తాయి, ‘ఎల్ ఎమ్ ఎన్ ఓ’ దగ్గర రెండు ‘అ’లు మాత్రం ఎక్కువ. ఇవి రెండూ ఒకే ట్యూన్ అని నలభై ఏళ్లు వచ్చినా గమనించని వాళ్లున్నారు, మాటలు అంతగా మోసం చేస్తాయి. ఇక వరవీణ: గగ పప దప సస. అ పై అ పై కిం పై అ. ట్వింకిల్‌తో మొదటి నాలుగు గుర్తులు కలిశాయి! అయిదో గుర్తు దగ్గర విడిపోయింది. నాలుగు గుర్తులు కలిస్తే ఏమీ కాదని చెప్పడానికే ఈ ఉదాహరణ. పన్నెండు దాటితే నేను కూర్చున్నచోట సర్దుకుంటాను. పదహారు దాటితే స్వరాల పొడుగు, ఊపిరి తీసుకునే చోటు కూడా చూస్తాను. అవీ కలిస్తే అప్పుడు నోరు తెరుస్తాను. ఈ పద్ధతి నా సొంతం కాదు. బ్రిటన్‌కు చెందిన డెనిస్ పార్సన్స్ ఇలాగే వేల ట్యూన్లను గుర్తులతో పేర్చి ఒక పుస్తకం వేశాడు. అదీ 1975లోనే.

“తీసుకున్నాడని తేలింది కదా, మరి దొంగతనమేగా?” అన్నవాళ్లకు. అమెరికాలో అప్పటికి ఆ కన్చెర్టో మీద హక్కులు ఎవరికీ లేవు. కార్మెన్ లెక్క అక్కడితో ఆగింది. కానీ స్వరకర్త చనిపోయాక 50 ఏళ్ల దాకా హక్కు నిలిచే దేశాలు చాలా ఉన్నాయి. రఖ్మనినోవ్ చనిపోయింది 1943లో. పాట బయటికొచ్చాక వారసుల నుంచి కబురొచ్చింది, ఈ పాట రాయల్టీలో 12 శాతం వాళ్లకిచ్చేట్టు ఒప్పందమైంది. కాబట్టి కన్చెర్టో ఏ సంవత్సరానిదని ఒక్కటే రాసుకుంటే చాలదు. స్వరకర్త ఎప్పుడు పోయాడు, పాట ఏ దేశంలో అమ్ముడవుతోంది అన్నవీ రాసుకోవాలి. మన దేశంలో ఇప్పుడు ఆ గడువు 60 ఏళ్లు. త్యాగరాజ కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు, కానీ ఒకరు పాడిన రికార్డింగ్ తీసి వాడుకోవడం వేరే సంగతి. దీనికి విడిగా ఒక పాఠం ఉంది, తొందరపడకండి.

కొందరు 1897లో రఖ్మనినోవ్ మొదటి సింఫనీ (ఆర్కెస్ట్రా అంతటికీ రాసిన పెద్ద రచన) ఫ్లాప్ కావడం, ఆయన కుంగిపోవడం, డాక్టర్ నికొలాయ్ దాల్ దగ్గర వైద్యం, ఆ తర్వాత రాసిన ఈ కన్చెర్టోను ఆ డాక్టర్‌కే అంకితమివ్వడం, అన్నీ రెండు పేజీలు రాసి పంపారు. కథ నిజమే, బాగుంది కూడా. కానీ నేనడిగింది నిమిషం, సెకను.

ఇదే పాటను తర్వాత సెలిన్ డియాన్ పాడింది, అది విని జవాబు రాసినవాళ్లూ ఉన్నారు. అది 1996 ఆల్బమ్‌లోది, నిర్మాత డేవిడ్ ఫాస్టర్. అందులో శ్రుతి మారేచోట ఆమె గొంతు ఆకాశానికెళ్తుంది కదా, ఆ ఎత్తును కార్మెన్‌లోనూ వెతక్కండి, రఖ్మనినోవ్‌లోనూ వెతక్కండి, అది ఈ అరేంజ్‌మెంట్‌ది. అమెరికాలో కార్మెన్ పాట 2వ స్థానం దాకా, ఆమెది 4వ స్థానం దాకా వెళ్లాయి. నాకు కార్మెన్ పాటే ఇష్టం. ఆ గొంతులో కాస్త అలసట ఉంటుంది, ఆ మాటలకు అదే నప్పుతుంది. ఇది పాఠంలో భాగం కాదు, మార్కులు లేవు.

సాధన. కార్మెన్ 1976లో ‘నెవర్ గొన్నా ఫాల్ ఇన్ లవ్ అగైన్’ అని ఇంకో పాట వదిలాడు. దానికి ఆధారం రఖ్మనినోవ్ రెండో సింఫనీ మూడో భాగం. ఏ వాయిద్యం పాడుతుందో ఈసారి చెప్పను. మూడు రోజులు, రోజుకొకసారి, ఫోన్ పక్కన పెట్టి ఆ భాగం మొత్తం వినండి. పావుగంట పడుతుంది. మొదటి రోజు ఏమీ రాయొద్దు. రెండో రోజు ‘నా నా నా’ అని పాడగలిగిన చోట్ల సమయం రాసుకోండి. మూడో రోజు పాట పెట్టి, పదహారు గుర్తులు దీనికీ, పదహారు దానికీ ఒకదాని కింద ఒకటి రాయండి. ఎక్కడ విడిపోయాయో అక్కడ గీత పెట్టండి. రాగం పేరు రాసిన కాగితం నేను చదవను.